ప్రస్థానం పెట్టిన సంచి

ఐదు రోజుల ప్రయాణం మొత్తం ఒక పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకున్నాం. మొదటి రాత్రి భీమిలి. రెండో రోజు చింతపల్లి దగ్గర లైట్‌హౌసు చూసుకుని, మధ్యాహ్నం ఎక్కడ చేపల కూర దొరికితే అక్కడ తిని, చీకటి పడేలోగా కళింగపట్నం. తర్వాత బారువ, ఆ తర్వాత గోపాలపూర్, ఐదో రోజు వెనక్కి. ఎక్కడ టీ తాగాలో, ఏ ఊళ్ళో జీడిపప్పు కొనాలో కూడా మా ఆయన గుండ్రటి అక్షరాలతో రాశారు. బండి ఎవరు నడపాలన్నది మాత్రం రాయలేదు. నేనూ అడగలేదు.

అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎనిమిది నెలల కిందట గాజువాక మార్కెట్లో, ఉల్లిపాయలు బేరమాడుతుండగా ఆయనకి ఫిట్సు వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. మనిషి నిలువునా కూలబడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నారు. ఎవరో "తాళాలు పెట్టండి చేతిలో, తాళాలు" అని అరిచారు. ఆటో అతనొకడు తన తాళాల గుత్తి తెచ్చి పిడికిట్లో కుక్కాడు. తెలివి వచ్చేసరికి మా ఆయన రోడ్డు మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు, చుట్టూ యాభై మంది, చేతిలో ఎవరిదో తాళాల గుత్తి. ఆ రోజు నుంచి ఆయన ఆ మార్కెట్టుకి రాలేదు.

పాతికేళ్ళు స్టీలు ప్లాంటులో క్రేను నడిపిన మనిషి. రిపోర్టులు చూశాక క్రేను మీంచి దించి స్టోర్సులో కుర్చీ వేశారు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, ఒక్క పూట కూడా తప్పకూడదు, తాను చెప్పేదాకా స్టీరింగు ముట్టుకోకూడదు అన్నాడు డాక్టరు. ఈ సంగతి మా చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. తగరపువలసలో ఉండే ఆయన అక్కకి, అంటే మా వదినకి, "ఆఫీసు ఉద్యోగం ఇచ్చారక్కా, ప్రమోషన్" అని చెప్పారు. ఆవిడ సింహాచలం వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఫోనులో ఆ ముక్క విని ఆయన నవ్వారు గానీ, ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

నేను ఈ మధ్యలో కారు నేర్చుకున్నాను. నలభై తొమ్మిదేళ్ళకి! లైసెన్సు వచ్చింది గానీ ధైర్యం రాలేదు. షేరు ఆటో ఒకటి పక్కనుంచి దూసుకుపోతే ఇప్పటికీ బ్రేకు మీద నిలబడిపోతాను. నేను అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు సూపర్‌వైజర్ని. మాత్రలూ స్ట్రిప్పులూ అట్టపెట్టెలూ నా లోకం. రానూపోనూ కంపెనీ బస్సు. నన్ను హైవే మీద కారు తోలమనడం అన్యాయం కదా? కానీ ఈ ప్రయాణం ఆయన ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నది. సముద్రం పక్కన పుట్టి, సముద్రం పక్కన ఉద్యోగం చేసి, బీచిరోడ్డు తప్ప ఏమీ చూడలేదని ఆయన గోల. తొందర లేకుండా, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుతూ పోవాలట.

"ఆ రోడ్లన్నీ కాళీగా ఉంటాయే" అన్నారొకసారి, కాగితం మీంచి తలెత్తకుండా.

"కాళీగా ఉంటే?"

"ఏట్నేదు. ఊరికే సెప్తన్నాను."

ఊరికే చెప్పలేదని నాకు అర్థమైంది. భీమిలి దాకా నాచేత నడిపించి, అక్కడ టీ తాగి, నువ్వు అలిసిపోయావులే అని స్టీరింగు తీసుకుంటారు. అప్పుడు నేనేం చేయాలి? నడిరోడ్డు మీద మొగుడితో కొట్లాడాలా? నోరు మూసుకుని పక్కన కూర్చుని, అటు సముద్రం చూడాలా, ఆయన చేతుల్ని చూడాలా? బస్సులో వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఇదే ఆలోచన.

సెలవు బుధవారం నుంచి దొరికింది. వదినకి ఫోన్ చేసి చెబితే గయ్యిమంది. "బుధారం ఉత్తరం ఏపు బయల్దేర్తారేటి? శూల కాదూ! మంగళారం, బుధారం ఉత్తరానికి కాలు పెట్టకూడదు." సెలవు మార్చుకోవడం మా చేతుల్లో లేదు. ఆవిడే దారి చెప్పింది. ఆదివారం మంచిది గనుక ఆ రోజు ప్రస్థానం పెట్టేయమంది. అంటే ప్రయాణపు సంచి ఒకటి మంచి ఘడియలో ముందే గడప దాటించి, మనం వెళ్ళే దిక్కున వేరే వాళ్ళింట్లో ఉంచడం. అప్పటితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనం ఏ రోజు బయలుదేరినా, పోతూ పోతూ ఆ సంచి తీసుకుంటే దోషం ఉండదు. "ఆడి సొంత వస్తువులే పెట్టాల. ఒక్కసారి దాటిందంటే సంచి మల్లా ఇంటిలోకి రాకూడదు, గుర్తెట్టుకో" అంది.

మా వీధికి ఉత్తరం వైపున్న ఇల్లు ఎదురింటి పిన్నిగారిది. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. ఆదివారం పొద్దున్నే సంచి సర్దడం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో మాకొక పద్ధతి ఉంది. ఒక మందు ప్యాకింగు అయ్యాక రెండోది మొదలెట్టే ముందు, బల్ల మీద పాతదాని తాలూకు ఒక్క స్ట్రిప్పు, ఒక్క కాగితం ముక్క కూడా మిగలకూడదు. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తూ చేస్తూ చేతులకి అలవాటైపోయింది. ఫ్రిజ్జు మీదున్న ఆయన మాత్రలు, బీపీ మిషను, డాక్టరు చీటీ, అన్నీ ఊడ్చి సంచిలో వేశాను. బుధవారం దాకా వాడడానికి ఒక స్ట్రిప్పు కత్తిరించి ఫ్రిజ్జు మీద డబ్బాలో పెట్టాలి అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో వదిన ఫోను. "ఇంకా ఏటి సేత్తన్నారే, వర్జ్యం వచ్చేత్తంది!" గబగబా జిప్పు లాగేసి, ఎదురింటికి పరిగెత్తి, పిన్నిగారి హాల్లో దేవుడి పటం కింద పెట్టి వచ్చాను. మాత్రలు డబ్బాలో పెట్టాననే అనుకున్నాను. ఒట్టు, పెట్టానని నా కళ్ళకి కనిపించింది కూడా.

ఆ మధ్యాహ్నమే పిన్నిగారు చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షనుకని ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయింది. మంగళవారం వస్తానంది.

ఆ రెండు రోజులూ మా ఆయన హుషారు చూసి నాకు ఇంకా భయమేసింది. కారు తానే కడిగారు. టైర్లలో గాలి కొట్టించుకు వచ్చారు, పక్కింటి కుర్రాడి చేత నడిపించుకునే వెళ్ళారు, అందుకు సంతోషించాను. ఈల వేసుకుంటూ బట్టలు ఇస్త్రీ చేసుకున్నారు. నేను టీవీలో వాయుగుండం వార్తలు చూస్తూ, ఆ గుండం మన వైపు రావాలని, ప్రయాణం దానంతట అదే ఆగిపోవాలని మొక్కుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నిజంగానే మొక్కుకున్నాను. పూటపూటా అడిగే మాట మాత్రం మానలేదు.

"మాత్ర ఏసుకున్నారా?"

"ఏసుకున్నాను."

మంగళవారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చాను. ఆయన హాల్లో టీ తాగుతున్నారు. రేపు పొద్దున్న వేసుకోవాల్సిన మాత్ర పర్సులో పెట్టుకుందామని ఫ్రిజ్జు మీది డబ్బా తీశాను. ఖాళీ. లోపల రేకు ముక్క కూడా లేదు. చెత్తబుట్టలో చూశాను, లేదు. మాత్ర మింగిన మనిషి ఇంట్లో ఎక్కడో ఒకచోట స్ట్రిప్పు ఉండాలి కదా! ఇరవై ఏళ్ళు స్ట్రిప్పులు చూసిన దాన్ని, నాకా తెలియనిది. ఆదివారం జిప్పు లాగిన క్షణం అప్పుడు గుర్తొచ్చింది.

"మాత్రలేవి?" అన్నాను.

"సంచిలో ఉన్నాయి."

"మరి ఆదివారం నుంచి మీరేటి మింగుతన్నారు?"

ఆయన టీ గ్లాసు వైపు చూశారు. "మింగలేదు."

"మింగలేదేటి! నాలుగు పూటలు! ఎదురిల్లు తాళం ఏసుంటే గాజువాకలో మందుల షాపులు లేవేటి? నాకొక్క మాట సెప్పడానికి నోరు లేదేటి?" నా గొంతు వీధిలోకి వినపడుతోందని తెలుస్తూనే ఉంది. ఆపుకోలేకపోయాను.

"అరవకే. మొదట నువ్వే మర్సిపోయావు. ఆదివారం రాత్రి సూసుకున్నాను. కొనుక్కుందామనే అనుకున్నాను." తలెత్తి నా మొహంలోకి చూశారు. ఆ కళ్ళలో అంత ఆశ నేను ఎనిమిది నెలల్లో చూడలేదు. "తరవాత అనుకున్నాను, సూద్దాం అని. సూసావా మరి? రెండ్రోజులు మాత్ర లేదు. ఏట్నా అయ్యిందా? ఏటీ అవ్వలేదు. నాకు తగ్గిపోనాదే. నాను తోలగలను."

అదన్నమాట! ఈలలు వేసింది, కారు కడిగింది, అంతా ఇందుకు. తన మీద తానే పరీక్ష పెట్టుకుని, పాసయ్యానని నాకు చూపించడానికి బుధవారం కోసం కూర్చున్నారు. ఒళ్ళు మండిపోయింది. అదే క్షణంలో దగ్గరికి తీసుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేక నిలబడిపోయాను.

అప్పుడు గ్లాసు చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. ఎడమ చేతి చిటికెన వేలు దానంతట అదే కొట్టుకుంటూ గ్లాసుకి తగులుతోంది. ఆయన ఆపడం లేదు. ఆపాలని చూస్తున్నారు, ఆగడం లేదు. నేను గ్లాసు తీసేసి ఆయన్ని నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద నా హ్యాండుబ్యాగు పెట్టాను. ఇద్దరం ఆ వేలినే చూస్తున్నాం. మణికట్టు దాకా పాకింది. ఇంక మోచేతికి వస్తుంది, ఇంక వచ్చేస్తుంది అనుకుంటూ దేవుళ్ళందరినీ పిలిచాను. ఎంతసేపో తెలియదు. మెల్లగా ఆగింది.

"ఏటే అది?" అన్నారు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "నాను ఆపలేకపోనాను."

ఆయన భయపడడం నేను చూడడం అదే మొదలు. మార్కెట్లో పడిపోయిన రోజు తెలివి లేదు కాబట్టి భయం కూడా లేదు. ఇప్పుడు మెలకువతో చూశారు.

డాక్టరుకి ఫోన్ చేశాను. ఈ పూట మాత్ర ఇప్పుడే వేయమని, తప్పిపోయినవన్నీ కలిపి ఎక్కువ వేయొద్దని, మళ్ళీ వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మని, లేకపోతే రేపు వచ్చి కనపడమని, ప్రయాణం ఇప్పుడు వద్దని చెప్పాడు. పక్కింటి కుర్రాడిని ఆయన దగ్గర కూర్చోబెట్టి ఎదురింటికి పరిగెత్తాను. పిన్నిగారు అప్పుడే ఆటో దిగి తలుపు తీస్తోంది. లోపలికి దూరి సంచి భుజాన వేసుకున్నాను.

"ఓలమ్మా, అదేటి! సంచి ఎనక్కి తీసుకెళ్ళకూడదమ్మా. కావలసింది తీసుకుని సంచి ఉంచీ" అంది పిన్నిగారు, గుమ్మానికి అడ్డంగా.

"ప్రయాణం లేదు పిన్నిగారూ" అని ఆవిడని తప్పించుకుని బయటికి వచ్చాను. సంచి మా గడప దాటుతుంటే ఆయన నేల మీంచే చూశారు. మాత్ర ఇచ్చాను, వేసుకున్నారు. నోరు తెరిచి చూపించమన్నాను, చూపించారు.

బుధవారం తెల్లవారగానే వదిన ఫోను. బయలుదేరామో లేదో కనుక్కోవడానికి. ఆయన ఫోను ఎత్తి, ఊళ్ళో వానల సంగతి అడిగారు, చేపల సంగతి అడిగారు. అటునుంచి ఆవిడ "సంచి తీసుకున్నారా పిన్నిగారింటికాడ?" అంటోంది, నాకు వినపడుతూనే ఉంది. ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చాపారు. "నువ్వు సెప్పు. కారు పాడైందని సెప్పు."

"నాను సెప్పను" అన్నాను. "ఒక అబద్ధం ప్రమోషన్ అయ్యింది. ఇంకోటి నావల్ల కాదు. మీరే సెప్పండి, ఏటి సెప్పుకుంటారో."

ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నారు. వదిన "ఒరే, ఒరే" అని పిలుస్తోంది.

"అక్కా" అన్నారు చివరికి. "నాకు ప్రమోషన్ ఇవ్వలేదే. క్రేను దించేసినారు. నాకు ఫిట్సే. మార్కెట్టులో అందరి ముందూ పడిపోనాను. సిగ్గేసి సెప్పలేదు."

శూల గురించీ, సంచి గురించీ ఇంక ఏదో అంటుందనుకున్నాను. ఆవిడ ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది. తర్వాత చాలా మామూలు గొంతుతో అడిగింది. "మరి ఎల్లినప్పుడు కారు ఎవుడు తోల్తాడురా?"

ఆయన నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు.

"అదే తోల్తాది" అన్నారు. "నాను పక్కన కూకుంటాను."

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా ఏడ్చాను. ఎనిమిది నెలలుగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూశాను. అన్నాక గానీ తెలియలేదు, అంత దూరం నేను నిజంగా నడపాలని.