గోడ మీద పాస్‌వర్డు

పరాయి రాష్ట్రంలోని వాట్‌గంజ్‌లో ఇప్పుడు మూతబడిన తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన శేషమ్మ టీచరు, తన మెయిల్ పాస్‌వర్డును గోడ క్యాలెండరు మీద తెలుగులో లావుగా రాసి పెట్టుకుంది. పింఛను కాగితాలు, పోయిన భర్త ఫొటోలు అన్నీ ఆ మెయిల్లోనే ఉన్నాయి. ఎవరైనా హెచ్చరిస్తే కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "ఈ వీధిలో తెలుగు సదివేవోడెవడు బాబూ?" అంటుంది. నిజమే, ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో మాట్లాడటమే తప్ప చదవడం రాదు. ఆ దిగులుతోనే రెండు నెలలుగా పక్కింటి ఆరేళ్ల ధాత్రికి రోజూ సాయంత్రం అక్షరాలు దిద్దిస్తోంది. నిన్న ఇంటినిండా చుట్టాలు టీ తాగుతుండగా, ధాత్రి క్యాలెండరు ముందు నిలబడి, వేలు జరుపుకుంటూ, "ప...న...స... తొ...న...లు... నలభై రెండు!" అని గట్టిగా చదివేసింది.

"అయ్యో టీచరుగారూ, అందరూ విన్నారు! ముందది మార్చేయండి" అంది ధాత్రి తల్లి మౌక్తిక కంగారుగా. శేషమ్మ ఆ మాట వినిపించుకుంటేగా! "ఓలమ్మో, సదివేసిందర్రా! ఒక్క తప్పు నేదు!" అంటూ పిల్లను వాటేసుకుని బుగ్గలు ముద్దులతో తడిపేసింది. ఆ తర్వాతే క్యాలెండరు కాగితం చింపి, కొత్త పాస్‌వర్డు పెట్టుకోవడానికి కంప్యూటరు తెరిచింది. తెరిచాక ఏదో గుర్తొచ్చినట్టు లేచి, ధాత్రిని గుమ్మం బయట నిలబెట్టి, తలుపు వేస్తూ మురిసిపోయింది. "నీకిప్పుడు సదువొచ్చేసిందే. ఇంక నిన్ను నమ్మకూడదు."