గీత నున్నబడితే మాయమైనది

2022 శీతాకాలం. నోయిడాలో ఈసీజీ మానిటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో నేను సిగ్నల్ ప్రాసెసింగ్ ఇంజనీర్‌ని. ఘజియాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో మా కొత్త మానిటర్ ట్రయల్ నడుస్తోంది. చలికి రోగులు వణికితే ఆ కండరాల కదలిక కూడా తెర మీదికి వచ్చి, గుండె గీత గజిబిజిగా కనిపించేది.

"లైన్ సాఫ్ చాహియే, లక్ష్మీ జీ. గీత శుభ్రంగా ఉండాలి. డెమోలో డాక్టర్లు ఇది చూస్తే కొంటారా?" అన్నారు మా మేనేజర్ మల్హోత్రా.

లో-పాస్ ఫిల్టర్ అంటే నెమ్మదైన కదలికలను పోనిచ్చి, వేగమైనవాటిని ఆపేది. ఎక్కడి నుంచి ఆపాలన్న హద్దే కటాఫ్. దాన్ని నూట యాభై హెర్ట్జ్, అంటే సెకనుకు నూట యాభై కదలికల నుంచి ఇరవైకి దించాను. వార్డులోని మానిటర్ మీద గీత నున్నగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను.

మూడో రోజు వార్డు నుంచి సునీత సిస్టర్ ఫోన్ చేసింది. ఆవిడది భీమవరం, పన్నెండేళ్లుగా ఈ ఆసుపత్రిలోనే నర్సు.

"మేడమ్, ఇక్కడ ఒక అంకుల్‌కి పేస్‌మేకర్ ఉందండి. పాత మెషిన్‌లో ప్రతి బీట్‌కీ ముందు సన్నగా నిలువు గీత వచ్చేది. మీ దాంట్లో రావట్లేదు. పేస్‌మేకర్ ఆగిపోయిందేమోనని హడలిపోయి డాక్టర్ గారిని పిలిచామండి."

వెంటనే వెళ్లాను. గుండెకు విద్యుత్ తట్టులిచ్చే ఆ పేస్‌మేకర్ బాగానే ఉంది. దాని తట్టు అతి వేగంగా వచ్చిపోతుంది కాబట్టి, ఆ గీతను తుడిచేసింది నా ఫిల్టరే. సునీత ముఖంలోకి చూడలేకపోయాను.

తిరిగొచ్చి, కటాఫ్ కొంత పెంచి, ఆ హద్దు దగ్గర కోసినట్టు ఆపే ఫిల్టర్ రాశాను. ప్రతి బీట్ పక్కనా గుండెలో లేని చిన్న అలలు పుట్టాయి. పైగా గీత ఆలస్యంగా వచ్చింది. నునుపు, వివరం, వేగం మూడూ కలిసి దొరకవని అర్థమైంది. కటాఫ్ మళ్లీ నూట యాభైకి పెంచాను. నున్నటి గీత కావాలంటే వేరే బటన్ పెట్టి, అది నొక్కినంతసేపూ తెర మీద హెచ్చరిక కనిపించేలా చేశాను.

"డెమోకి ఇరవైయే ఉండాలి. ఆమోద పత్రం మీద సంతకం చేసేయండి," అన్నారు మల్హోత్రా.

"చెయ్యను సర్."

"మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారు."

"చేయించుకోండి. పేస్‌మేకర్ గీత కనిపించదని కాగితం మీద రాసి మరీ చేయించుకోండి."

ఆ మాట కింద సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. డెమోకి నా వెర్షనే వెళ్లింది, నన్ను మాత్రం తీసుకెళ్లలేదు. గీత వణుకుతోందని డాక్టర్లు మానిటర్ వద్దన్నారు. ఆ ఏడాది నా ప్రమోషన్ ఆగింది. బాధపడ్డాను గానీ, ఒక్క రోజు కూడా పశ్చాత్తాపపడలేదు.

ఫిల్టర్ ఏదైనా కొంత తీసేస్తుంది. ఏం తీసేస్తుందో దాన్ని నమ్ముకుని పనిచేసేవాళ్లకు తెలియాలి. ఆ సంగతి దాచమని ఎంత పెద్దవారు అడిగినా ఈరోజుకీ నా జవాబు అదే: చెయ్యను.