మాధవరం షెడ్డులో గాలి కొలవబోయి

రబ్బరు సామాన్లకు నలుపునిచ్చే కార్బన్ బ్లాక్ పొడిని ఎప్పుడైనా చూశారా? సంచి విప్పితే చాలు, లేస్తుంది. అందులో నానో సైజు నలుసులు కంటికి ఆనవు, మూతికి కట్టిన గుడ్డకు ఆగవు. పనివాళ్లు వాటిని రోజుకు ఎంత పీలుస్తున్నారో అంచనా కట్టడం నా ఉద్యోగం. మాధవరంలో ఒక చిన్న రబ్బరు షెడ్డు యజమాని, పొడి ఎక్కువుందని నా రిపోర్టులో తేలితే మిక్సింగ్ మిషన్ మీద గాలి లాగే గొట్టం పెట్టిస్తానన్నాడు. అందుకే బయలుదేరాను. ఇలాంటి పని మీద అటు వెళ్లేవాళ్లకు నా తిప్పలు పనికొస్తాయని రాస్తున్నాను.

మైలాపూరులో ఆరింటికి ఎక్కాల్సిన రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. బీచ్ స్టేషన్‌లో మారి వాషర్‌మెన్‌పేట్‌లో దిగేసరికి ఏడుంపావు. అక్కడి నుంచి ఆటోకు రెండు వందల యాభై. ఎనిమిదికి పని మొదలవుతుంది. ఈలోగా ఒకసారి గాలి కొలిస్తే తప్ప, తర్వాత రోడ్డు పొగ ఎంతో, పొడి ఎంతో విడదీయలేం. ఆటో డ్రైవర్‌కు ఇవేం పట్టలేదు. టీ కొట్టు ముందు ఆపాడు.

"ఆ పెట్లో ఏముండాది మేడమ్?"

"గాలి కొలిచే మిషన్."

"దానికి మిషన్ ఎందుకు? ఈడ పుట్టినోడి ముక్కునడిగితే చెప్తాది," అని తాపీగా ఇంకో గుక్క తాగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

షెడ్డు చేరేసరికి ఎనిమిదికి పది నిమిషాలు. హడావిడిగా గాలి కొలిచి, సుగుణమ్మను పిలిచాను. తొమ్మిదేళ్లుగా పొడి సంచులు పోసేది ఆవిడే. రెండు మాటలు మాట్లాడితే ఒకసారి దగ్గుతుంది. చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కాకు, కాలర్ దగ్గర ఫిల్టర్ తగిలించి, పంపును నడుముకు కట్టాను. ముక్కు పీల్చే గాలినే పంపు కూడా లాగుతుంది, ఫిల్టర్ మీద పేరుకున్నదాన్ని ల్యాబులో చూస్తారు.

"సాయంత్రం దాకా తియ్యొద్దక్కా," అన్నాను.

"తియ్యను లే మేడమ్."

నేను గేటు దగ్గర ఇంకో మిషన్ పెట్టుకుని లారీల పొగ కొలుస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం పక్క మెస్సులో సాంబారన్నం తినొచ్చి దూరం నుంచి చూస్తే, సుగుణమ్మ మెడ చుట్టూ తువ్వాలు, నడుము దగ్గర పంపు ఆకుపచ్చ లైటు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

నాలుగున్నరకు తువ్వాలు తీసింది. ఫిల్టర్‌కు కడిగిన పాల కవర్ తొడిగి, పైన వదులుగా రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇదేంటక్కా?"

"పొడి పడకుండా కట్టినా మేడమ్. పొద్దున మీరు అట్లా పోంగానే."

"పొడి పడాలనే కదా పెట్టింది!" అని అరిచేశాను. షెడ్డంతా నావైపు తిరిగింది.

ఆవిడ బిత్తరపోయింది. "లక్ష పైనే అని మీరే అన్నారు గదా. మిషన్ మీది, చెడిపోతే నేనేడనించి తెచ్చేది? ఊపిరి నాదే గదా, ఏం కాదు లే మేడమ్."

నిజమే. పొద్దున మిషన్ ఖరీదెంతని ఆవిడ అడిగితే, జాగ్రత్తగా ఉంటుందని నేనే చెప్పాను.

ఇంతలో యజమాని వచ్చి ఫిల్టర్ చూసి సంబరపడ్డాడు. "తెల్లగానే ఉండాదే! అదే రాసేయండి."

పాల కవర్‌ను ఆయన బల్ల మీద పరిచాను. నల్లగా ఉంది.

"అది కవరు గదా మేడమ్, ఫిల్టర్ కాదే."

ఎంత చిరాకు పుట్టినా కాదనలేకపోయాను. కవర్ మీది పొడి ఏ లెక్కకూ రాదు. ఫారం మీద 'చెల్లదు' అని రాసి, మళ్లీ కొలవడానికి ఇంకో రోజు ఇచ్చేదాకా కదలనన్నాను. ఆరున్నరకు విసుక్కుంటూ మంగళవారం రమ్మన్నాడు.

మాధవరం టెర్మినస్‌లో బస్సెక్కాక కూడా రైలును, టీ కొట్టును, ఆ యజమానిని, సుగుణమ్మను వరసగా తిట్టుకున్నాను. బస్సు సగం దారి వచ్చేసరికి తిట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. తియ్యొద్దన్నాను, ఖరీదు చెప్పాను. ఇదంతా నీ ఊపిరి కోసమే అక్కా అని మాత్రం ఒక్క ముక్క అనలేదు. తొమ్మిదేళ్లుగా ఆ షెడ్డులో ఆవిడకు ఎవరూ చెప్పని ఆ మాట నేనూ చెప్పలేదు. సిగ్గేసింది.

మీరు వెళ్తే, పంపు కట్టేముందు అది ఎవరి కోసమో చెప్పండి. ఖరీదు ఎంతని అడిగితే మాత్రం తెలియదనండి.