బాపు మతిమరుపు, పాము ఆట

ఉద్యమం రోజుల్లో దంతాలపల్లిలో అందరి నోటా ఒకటే మాట, తెలంగాణ. మా ఇంట్లో మాత్రం బాపు మతిమరుపు. మిర్చి అమ్మడానికి స్కూటర్ మీద కేసముద్రం మార్కెట్‌కు పోయిన మనిషి బస్సులో తిరిగొచ్చాడు. స్కూటర్ ఏదంటే "గదే ఆలోచిస్తున్న" అన్నాడు. ఆనాటి నుంచి అమ్మ ఆయన్ని ఒంటరిగా మార్కెట్‌కు పోనివ్వలేదు. అక్కడి చాయ్, బేరాలు, దోస్తులే బాపు ప్రాణం. దిగులుపడ్డ ఆ ముఖం చూడలేకపోయేవాళ్లం.

మెదడుకు పని చెప్పమన్నాడు డాక్టర్. నేను నా పాత ఫోన్ ఇచ్చి అందులోని పాము ఆట నేర్పాను. నాకేం పోయేకాలమో! బాపు అన్నం ముందు కూర్చున్నా పామునే మేపేవాడు.

"మెదడు కత్తి లెక్క అయితాంది" అనేవాడు.

"పాముకు పాలు పోసి పెంచుతున్నవ్" అని అమ్మ నన్ను తిట్టేది.

చివరికి అమ్మే ఒక పరీక్ష పెట్టింది. ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద వండుకు తిని బండ్లు ఆపే నిరసన అది.

"నన్ను స్కూటర్ మీద తీస్కపో. ఏదీ మర్వకుండ ఇంటికి తీస్కరా. గప్పుడు నువ్వొక్కనివే మార్కెట్‌కు పో."

సాయంత్రం బాపు మెడలో పూలదండతో దిగాడు. మగవాళ్లను పోలీసులు వ్యానెక్కించి, స్టేషన్‌లో కూర్చోబెట్టి వదిలేస్తే, బయట జనం దండలేశారట. వస్తూ వస్తూ చౌరస్తా పక్కన పెట్టిన స్కూటర్ తెచ్చుకున్నాడు.

"చూసినవా, స్కూటర్ మర్వలే!" అని మీసం మెలేశాడు.

"మరి అమ్మ ఏది బాపు?"

ఆయన ముఖం మాడిపోయింది. ఇద్దరం మళ్లీ స్కూటరెక్కాం. దారంతా "ఇగ నాకు మార్కెట్ లేదు బిడ్డా" అంటూనే ఉన్నాడు. నాకు కోపం, నవ్వు, జాలి అన్నీ ఒకేసారి వచ్చాయి.

చౌరస్తాలో గిన్నెలు కడగడం కూడా అయిపోయింది. అమ్మ ఒక్కతే టెంటు కింద బోర్లించిన గంగాళం మీద కూర్చుంది. చేతిలో ఫోన్. వ్యానెక్కేటప్పుడు బాపే "జర పట్టుకో, పాము సావద్దు" అని ఇచ్చిపోయాడట.

"తప్పైంది. నిన్ను మర్చిపోయిన" అన్నాడు బాపు గొంతు తగ్గించి.

అమ్మ తలెత్తలేదు. "అప్పుడే వచ్చిండ్రా? జర ఆగుండ్రి, గిదొక్కటి మింగనీ" అంది.

మరుసటి వారం బాపు ఒక్కడే కేసముద్రం పోయాడు. వద్దనడానికి అమ్మకు తీరిక లేదు.