వయసు పెంచిన ఫొటోలు

మా ఆయన వీర్రాజుకు రాజోలులో ఫొటో స్టూడియో ఉండేది. మనిషి మంచివాడే, కానీ ఎవరైనా పొగిడితే ఒళ్లు మరిచిపోయే రకం. ఆ పొగడ్తే మా కొంప ముంచింది.

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలని రూలు. ఏజెంటు శ్రీరాములు మాత్రం పదహారు, పదిహేడేళ్ల పిల్లలను తెచ్చేవాడు. నేను వాళ్లకు నా పాత నేతచీర కట్టి, జుట్టు ముడి వేసి కూర్చోబెట్టేదాన్ని. ఈయన లైటు జరిపి కళ్ల కింద నీడ పడేలా తీసేవారు. పాస్‌పోర్టు ఫొటోలో ఇద్దరు బిడ్డల తల్లుల్లా కనిపించేవారు.

"మీ చేతిలో విద్య ఉందండీ" అనేవాడు శ్రీరాములు. ఈయన మురిసిపోయేవారు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా. అలా పదకొండు మందిని పంపాం.

1998లో ఒక ఉదయం వాళ్లలో ఒక పిల్ల, సత్యదుర్గ, రేషన్ కార్డు ఫొటోకి వచ్చింది. వెళ్లి మూడేళ్లయింది. జీతం ఇవ్వలేదట, పాస్‌పోర్టు లాక్కున్నారట, గడప దాటనివ్వలేదట. ఇదంతా కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఈయన లైట్లు ముట్టుకోకుండానే ఫొటో తీశారు. పంతొమ్మిదేళ్ల పిల్ల, అప్పట్లో మేం తయారుచేసిన మనిషిలాగే ఉంది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నమే శ్రీరాములు శారోన్ అనే పదో తరగతి పిల్లను తెచ్చాడు.

"నేను తియ్యనండి" అన్నారు ఈయన.

"పర్లేదండి. రేపు అమలాపురంలో తీయించేత్తాను" అన్నాడు వాడు, కోపం లేకుండా.

తియ్యనంటే సరిపోతుందనుకున్నాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది. ఈయన, పిల్లల పేర్లు రాసిపెట్టిన ఆ పదకొండు నెగెటివ్‌లూ తీసుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచారు. నేనూ వెనకే వెళ్లాను.

"ఈ పిల్లల్ని పెద్దోళ్లలా తీసిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి."

"నీమీదా కేసవుద్ది మరి."

"ఆయ్. ముందు ఆ పిల్లని ఆపండి."

చీర కట్టింది నేనని నేను చెప్పలేదు. గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

శారోన్‌ను ఆపారు. శ్రీరాములును పట్టుకున్నారు. ఈయన పద్నాలుగు రోజులు సబ్‌జైల్లో ఉన్నారు. స్టూడియో మూతపడింది.

శారోన్ వాళ్లమ్మ మా ఇంటి ముందుకొచ్చి తిట్టింది. "మా నోట్లో మట్టి కొట్టేరు కదండీ" అంది. నాకు కోపం రాలేదు, సంతోషమూ కలగలేదు. శారోన్ తల్లి వెనక నిలబడి జడ కొస కొరుకుతోంది. ఆవిడ తిట్టినంతసేపూ నేను ఆ పిల్లనే చూస్తున్నాను. మిగిలిన పదిమంది ఎక్కడున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు.