చెల్లె మోకాళ్లు, సారు తామర మడుగులు

మా చిన్నప్పుడు... రోజూ పొద్దున చెల్లెను గోడకు నిలబెట్టి, మడమలు కలిపించి, దాని మోకాళ్ల మధ్య నా వేళ్లు పెట్టి చూసేదాన్ని. ఒక వేలు పడితే పర్వాలేదు. రెండు పడితే... అమ్మో, తలచుకుంటేనే భయం.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మర్రిగూడ దగ్గరున్న మా పల్లెకు బొమ్మలు వేసే సారు ఒకాయన వచ్చాడు. ఊరి బయట చెలకలో ఇల్లు కట్టి, చుట్టూ పెద్ద పెద్ద మడుగులు తవ్వించి, తామరలు, కలువలు పెంచాడు. రోజంతా వాటి బొమ్మలే వేసేవాడు. "తాగనీకి సుక్క లేదు గానీ, పువ్వులకు చెరువు తవ్విండు" అని ఊరంతా గొణిగింది.

మా అవ్వకు రెండు కాళ్లూ బయటికి వంగిపోయాయి. మా దగ్గర అలాంటి కాళ్లు ఇంటికొకరివి. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే అని బళ్లో చెప్పారు, ఏ నీళ్లో చెప్పలేదు. పిల్లలం మడుగుల్లో పడతామని అవ్వ భయం. అందుకే "గా మడుగుల నీళ్లు నోట్ల పడితే నా లెక్కనే దొడ్డికాళ్లయితయ్ బిడ్డా" అని బెదిరించేది. నేను నమ్మేశాను.

ఒక ఆదివారం చెల్లెకు పువ్వులు చూపిద్దామని తీసుకుపోయాను. నేను తామర కోసం వంగేలోపు అది దోసిలి పట్టి గటగటా తాగేసింది. నాలుగేళ్లది, దానికేం తెలుసు... నా పై ప్రాణాలు పైనే పోయాయి. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేక, ఆ వేళ్ల కొలత మొదలుపెట్టాను.

పదో రోజో, పన్నెండో రోజో... రెండు వేళ్లు పట్టాయి. ఏడుస్తూ సారు ఇంటికి ఉరికాను. ఆయన బురదలో దిగి తామర దుంపలు నాటుతున్నాడు. అంతా విని, ఒడ్డు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"ఇవి వాననీళ్లు బిడ్డా. నాచుకు కడుపు నొస్తే నొస్తది గానీ కాళ్లు వంగయి. గా ఫ్లోరైడ్ భూమి లోపటి నీళ్లల్ల ఉంటది" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయనే అడిగాడు, "మీ ఇంట్ల ఏం నీళ్లు తాగుతరు?"

"బోరింగు నీళ్లు సార్."

ఆయన చేతుల బురద తుడుచుకుంటూ మా ఊరి వైపు చూశాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చెల్లెకు చెంబుతో నీళ్లు తాగిస్తోంది. మా కుండలోవే, భూమి లోపలి బోరింగు నీళ్లే... ఆ నీళ్లు వద్దని బాపు కాళ్లకు చుట్టుకుని ఏడ్చాను. ఆయన చాలాసేపు నా తల నిమిరి, "వేరే నీళ్లు ఏడున్నయ్ బిడ్డా" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లకు ఊరికి నల్లాల్లో నది నీళ్లు వచ్చాయి. సారు తామరలు ఇప్పటికీ పూస్తున్నాయి. అమ్మ మాత్రం కింద కూర్చుంటే పట్టుకుని లేపాలి. ఇప్పటి పిల్లలకు ఆ భయం తెలియదు, తెలియకూడదు కూడా...

చెల్లె ఇప్పుడు ఇంటర్. హాస్టల్ నుంచి రాగానే గోడకు ఆనుకుని నిలబడి, "ఎన్ని వేళ్లు పట్టినయ్ అక్కా?" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను... కానీ చూస్తాను.

మీ ఊళ్లో నీళ్లు మిమ్మల్ని ఎప్పుడైనా ఇలా భయపెట్టాయా?