మత్తు డాక్టరమ్మ పేరు

కొత్తకోట దగ్గరి పల్లెలో గొర్లు కాసే ఐలేశం బిడ్డ మల్లిక ఎంబీబీఎస్ అయిపోయింది. పీజీలో ఏ విభాగం కావాలో సాయంత్రం అయిదింటిలోగా లాప్‌టాప్‌లో ఖాయం చేయాలి. ఆమె మనసులో ఉన్నది ఒక్కటే, మత్తు డాక్టరు కావడం. ఐలేశమేమో పొద్దుటి నుంచీ ససేమిరా అంటున్నాడు. మొండితనంలో బిడ్డ కూడా తక్కువేం తినలేదు లెండి.

"పిల్లల డాక్టరువైతే కొత్తకోట సెంటర్ల బోర్డు వెడ్తం. మత్తు సూది ఇచ్చెటోళ్ల పేరు ఎవనికెరుక?" అన్నాడు.

మల్లికకు ఒళ్లు మండింది. నిరుడు అవ్వ సుక్కమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ రోజు మంచినీళ్లు కూడా ముట్టొద్దని దవాఖానలో నూరుసార్లు చెప్పారు. వింటాడా ఈ మహానుభావుడు! తల్లిని ఖాళీ కడుపుతో కత్తి కింద పండబెట్టడానికి ప్రాణం ఒప్పక, పొద్దున్నే దుప్పటి చాటున గిన్నెడు జొన్న గట్క తినిపించాడు. నర్సు అడిగితే ఏమీ తినలేదని బుకాయించాడు. మత్తు ఇచ్చే మేడం మాత్రం ముసలామె చెయ్యి పట్టుకుని, "అవ్వా, పొద్దున ఏం తిన్నవ్?" అని నెమ్మదిగా అడిగింది. అవ్వ దాచలేదు. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. ఐలేశం ఆ మేడంను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

ఇన్నాళ్లు దిగమింగుకున్న మాట మల్లిక ఇప్పుడు అనేసింది. "మత్తుల కక్కుకుంటే గదంత ఊపిరితిత్తులల్లకు పోయి అవ్వ దక్కకపోతుండె బాపూ. ఉన్ని కత్తిరించే ముందు గొర్రెను సుత మేపవు, కన్నతల్లికి గట్లెట్ల పెట్టినవ్?"

ఐలేశం తల గోక్కున్నాడు. సిగ్గుపడ్డాడు పాపం.

"అవ్వకు ఆపరేషన్ చేసిందెవరు?" అడిగింది మల్లిక.

"రాంచందర్ సార్. దేవుడు!" ఠక్కున చెప్పాడు.

"మరి ఆ మేడం పేరు?"

ఐలేశం మళ్లీ తల గోక్కున్నాడు.

"నీ మాటే నిజం బాపూ, పేరు ఎవ్వరికెరుకుండది. అయినా నేను గదే అయిత."

అప్పుడు మూలనున్న మంచంలోంచి అవ్వ గొంతు వినిపించింది. "రూప. నాకు కండ్లు మూతలు వడేదాక చెయ్యి ఇడువలే. నేనే పేరడిగిన."

ఐలేశం తల్లి వైపు చూశాడు. తర్వాత లాప్‌టాప్‌ను తనే బిడ్డ ముందుకు జరిపాడు.

"ఇంకేం జూస్తున్నవ్ బిడ్డా? అయిదు గాకముందే నొక్కు."